వార్తలో కర్త ఎవరు? కొత్తగా విలేకరులవుతున్న మన పిల్లలకు నేర్పాల్సినవి

జర్నలిజం నేర్పే ఏ బడికి పోయినా మొదటి రోజు పాఠం ఒకటే ఉంటుంది. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా - ఈ ఆరింటికీ జవాబు చెప్పిందే వార్త. బోర్డు మీద రాస్తారు, పిల్లలు నోటుబుక్కుల్లోకి ఎక్కించుకుంటారు. రెండో రోజు తలకిందుల పిరమిడ్ వస్తుంది. ముఖ్యమైన సంగతి పైన, అంతకంటే తక్కువది కింద. జాగా చాలకపోతే డెస్కువాళ్ళు కింద నుంచి కోసుకుంటూ వస్తారు. ఈ పాఠాల్లో తప్పేం లేదు. ఇవి రానివాళ్ళు విలేకరులు కాలేరు. కాకపోతే ఆ ఆరు ప్రశ్నల్నీ ఎవరి గుమ్మం ముందు నిలబడి అడగాలో బోర్డు మీద ఎవరూ రాయరు. ఏది ముఖ్యమైన సంగతో, ఏది కోసి పారేయదగ్గదో తేల్చే చెయ్యి ఎవరిదో కూడా రాయరు. మన దేశంలో ఆ చేతికి కులం ఉంది.

ఇది ఆవేశంతో అంటున్న మాట కాదు. 1996లో ఢిల్లీలో బి.ఎన్. ఉనియాల్ అనే సీనియర్ పాత్రికేయుణ్ణి ఒక విదేశీ విలేకరి, దళిత జర్నలిస్టు ఎవరైనా ఉంటే చెప్పమని అడిగాడు. ముప్పై ఏళ్ళ వృత్తిలో తనకు ఒక్కరూ తారసపడలేదని ఉనియాల్‌కు అప్పుడు తట్టింది. కేంద్ర ప్రభుత్వ అక్రిడిటేషన్ జాబితా తెచ్చి చూశాడు. 686 మందిలో 454 మంది కులం వాళ్ళ ఇంటిపేర్లలోనే తెలిసిపోతోంది, వాళ్ళలో దళితులు లేరు. మిగిలిన 232 మందిలోంచి 47 మందిని ఎంచుకుని వాకబు చేశాడు. అక్కడా ఒక్కరు దొరకలేదు. ఆ తర్వాత ఇరవై మూడేళ్ళకు, 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనంలో వార్తాసంస్థల పై స్థాయి పదవులు 121 లెక్కపెడితే 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి, షెడ్యూల్డు కులాలవాళ్ళూ తెగలవాళ్ళూ సున్నా.

పైన సున్నా ఉన్నా కింద మాత్రం మనవాళ్ళు వచ్చారు. 1989లో ఈనాడు జిల్లా పేజీలు మొదలుపెట్టాక తెలుగు పత్రికలన్నీ ఆ దారి పట్టాయి. పేజీలు పెరిగితే వార్తలు కావాలి, వార్తలకు మండలానికో మనిషి కావాలి. అట్లా కంట్రిబ్యూటర్ అనే జీవి పుట్టాడు. డిగ్రీ చదివి ఉద్యోగం రాని మాల మాదిగ కుర్రాళ్ళు కొందరు ఆ సందులోంచి లోపలికి వచ్చారు. ఇవాళ సెల్‌ఫోను పట్టుకుని తమ వాడ సంగతులు తామే చెప్తున్న పిల్లలు వాళ్ళ తర్వాతి తరం. వీళ్ళకు శిక్షణ ఇచ్చేదెవరు? పెద్ద పత్రికల బడులు తమ డెస్కులకు కావాల్సినవాళ్ళను తయారుచేసుకుంటాయి. మండలంలో పనిచేసేవాడికి చెప్పేది ఒకటే: ఐటం ఏడు గంటల్లోపు పంపు. ఈ వ్యాసం వాళ్ళ కోసం, వాళ్ళకు పాఠం చెప్పాలనుకునే మనలాంటివాళ్ళ కోసం.

సొంత పత్రిక పెట్టుకోవడం మనకు కొత్తేం కాదు. 1920 జనవరి 31న అంబేద్కర్ 'మూక్‌నాయక్' తెచ్చినప్పుడు, డబ్బు కడతామన్నా తిలక్ పెట్టిన 'కేసరి' దాని ప్రకటన వేసుకోలేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక నడిపాడు. కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపాడు. అభిప్రాయం చెప్పడంలో, వాదించడంలో మనకు వందేళ్ళ అనుభవం ఉంది. వార్త సేకరించడమనే చేతిపని మాత్రం తరం నుంచి తరానికి అందలేదు. మన పత్రికల పాత సంచికలు తిరగేస్తే సంపాదకీయాలు నిప్పులు చెరుగుతుంటాయి, పక్క పేజీలో దాడి వార్తకు తేదీ కూడా ఉండదు. నా పరిశోధనలో ఎన్నిసార్లు తల పట్టుకున్నానో లెక్కలేదు.

తేదీ లేకపోతే ఏమవుతుంది? చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవల్లో పడేశారు. పదహారేళ్ళకు, 2007 జూలై 31న, ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. చనిపోయిన సమయం ఏదో, నేరం జరిగిన చోటు ఏదో, దాడిచేసినవాళ్ళు ఎవరో ప్రాసిక్యూషన్ రుజువు చేయలేదన్నది ఆ తీర్పు సారం. దాని మీద సుప్రీంకోర్టుకు అప్పీలు పోయింది. ఆ తీర్పు న్యాయమా కాదా అనేది వేరే చర్చ. నేను చూపించాలనుకున్నది వేరు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు - జర్నలిజం బడిలో మొదటి రోజు బోర్డు మీద రాసిన ప్రశ్నలే ఇవి. విలేకరి రాసిన వార్త కోర్టులో సాక్ష్యం కాదు, కాబోదు. కానీ మొదటి రోజు మొదటి మనిషి పోయి గంట, చోటు, పేరు రాసుకుంటే, తర్వాత వచ్చే నిజనిర్ధారణ సంఘానికీ, హక్కుల లాయరుకీ, అసెంబ్లీలో అడిగే సభ్యుడికీ అదే ఆధారం. 'సాయంత్రం వేళ', 'ఊరి శివార్లలో', 'కొందరు వ్యక్తులు' అని రాసినవాడు వాళ్ళెవరికీ ఏమీ ఇవ్వలేదు.

కాబట్టి పాఠం మొదలుపెట్టాల్సింది బస్సు దిగిన కాడ నుంచి. ఊళ్ళో దాడి జరిగిందని తెలిసి విలేకరి బయల్దేరతాడు. బస్టాండులో టీ కొట్టు, పక్కన పంచాయతీ ఆఫీసు, ఆ పైన సర్పంచి ఇల్లు. అక్కడ కుర్చీ వేస్తారు, మజ్జిగ ఇస్తారు, జరిగిందంతా 'వివరంగా' చెప్తారు. తర్వాత పోలీసు స్టేషను. అక్కడ ఎస్సైగారు చెప్పింది కూడా దాదాపు అదే ఉంటుంది, ఎందుకంటే ఆయనకూ ముందు కుర్చీ వేసింది ఆ ఇంట్లోనే. ఇవన్నీ అయ్యాక, టైముంటే, విలేకరి పల్లెలోకి పోతాడు. (తెలంగాణలో వాడ అంటాం, కోస్తాలో పల్లె అంటారు, ఊరికి దూరంగా ఉండటం రెండుచోట్లా ఒకటే.) అప్పటికే వార్త అతని బుర్రలో రాసేసి ఉంది. దెబ్బలు తిన్నవాళ్ళ దగ్గర తీసుకునేది వివరణ మాత్రమే. ఈ వరస తిరగెయ్యాలి. ముందు వాడలోకి పోవాలి. మన పిల్లలకు ఇది తేలిక, ఎందుకంటే పరాయి వాడలో కూడా వాళ్ళకు వరసలు కలుస్తాయి. అక్కా, పెద్దయ్యా అని పిలిచి అరుగు మీద కూర్చోగలరు.

ఈ చనువులోనే ఒక చిక్కు కూడా ఉంది. వాడలో ముందుకొచ్చి మాట్లాడేది ఎవరు? కులపెద్ద, సంఘం నాయకుడు, కాస్త చదువుకున్న కుర్రాడు. దెబ్బలు తిన్న ఆడవాళ్ళు గడప లోపల ఉంటారు. నాయకుడు చెప్పింది రాసుకుని తిరిగొస్తే ఉపన్యాసం దొరుకుతుంది, వార్త దొరకదు. ఆడవాళ్ళతో విడిగా, వాళ్ళ ఇంటి దగ్గర, వీలైతే ఆడ విలేకరి చేత మాట్లాడించాలి. ఇంకో మాట, ఇది మనలో మనం చెప్పుకోవాల్సింది: విలేకరి మాల అయి, దెబ్బలు తిన్నది మాదిగవాడ అయితే, లేక అటుది ఇటు అయితే, 'మనవాళ్ళే కదా' అన్న ధీమా పనికిరాదు. ఒక గంట ఎక్కువ కూర్చుని వినాలి.

వాడ తర్వాత అవతలివాళ్ళ దగ్గరకూ పోవాలి. దీన్ని కొందరు మిత్రులు ఒప్పుకోరు. 'కొట్టినవాడి వాదన మనమెందుకు మొయ్యాలి?' అంటారు. మొయ్యమని కాదు. ఆరోపణ వచ్చినవాడిని అడగకుండా పేరు అచ్చేస్తే పరువునష్టం నోటీసు వస్తుంది. ఒక్క పేరు తప్పయిందంటే ఆ ఒక్కదాన్ని పట్టుకుని మొత్తం వార్తే అబద్ధమంటారు. అగ్రకుల విలేకరి తప్పు రాస్తే 'పొరపాటు' అని సవరణ వేస్తారు. మన కుర్రాడు తప్పు రాస్తే 'కులపిచ్చి' అంటారు. అన్యాయమే. కానీ ఆ అన్యాయం మధ్యనే పని చేయాలి గనక మనవాళ్ళ నోటుబుక్కు మిగతావాళ్ళకంటే గట్టిగా ఉండాలి.

ఈ పని ఎలా చేయాలో అమెరికా నల్లజాతి విలేకరి ఐడా బి. వెల్స్ చూపించింది. 1892లో మెంఫిస్‌లో ఆమె స్నేహితుల్ని ముగ్గుర్ని తెల్లగుంపు చంపింది. ఆమె దాని మీద రాసింది, వాళ్ళు ఆమె పత్రిక ఆఫీసును ధ్వంసం చేశారు. అప్పుడు తెల్లవాళ్ళు చెప్పుకునే సాకు ఒకటుండేది, నల్లమగవాళ్ళు తెల్ల స్త్రీల మీద అత్యాచారాలు చేస్తున్నారు కాబట్టి గుంపులు చంపుతున్నాయని. వెల్స్ దాన్ని తిట్టి ఊరుకోలేదు. తెల్లవాళ్ళ పత్రికే అయిన 'చికాగో ట్రిబ్యూన్' ఏటా వేసే హత్యల లెక్క తీసుకుని, ఒక్కో హత్యకు ఏ కారణం చెప్పారో పట్టిక వేసింది. అత్యాచారం ఆరోపణైనా ఉన్నవి మూడో వంతే అని తేలింది. లెక్క అవతలివాళ్ళదే కాబట్టి తప్పని అనలేకపోయారు. 1895లో 'ది రెడ్ రికార్డ్' అని పుస్తకంగా వేసిందీ ఇలాంటి లెక్కల్నే. పులిట్జర్ వాళ్ళు ఆమెను గుర్తించింది 2020లో, ఆమె పోయిన 89 ఏళ్ళకు. మన పిల్లలకు నేను చెప్పే పద్ధతి ఇదే: పోలీసుల రికార్డు, రెవెన్యూ రికార్డు, ఆస్పత్రి కాగితం - అవతలివాళ్ళ చేతిరాతతో ఉన్నదాన్నే మన వార్తకు పునాదిగా వేసుకోవాలి.

నోటుబుక్కు సంగతికి వస్తే, పేజీ మధ్యలో గీత కొట్టమంటాను. ఎడమ పక్క కళ్ళతో చూసింది, కుడి పక్క చెవులతో విన్నది. ఇదేదో పెద్ద విద్య అనుకోనక్కర్లేదు. మా ఇంట్లో పేపరు చదవగలిగిన మొదటి మనిషిని నేను. మా అమ్మకు అక్షరం రాదు. కానీ ఆమె చూసినదాన్ని 'కొట్టారు' అంటుంది, విన్నదాన్ని 'కొట్టారంట' అంటుంది. ఆ 'అంట' ఎప్పుడూ మర్చిపోదు. బడిలో 'సోర్సు చెప్పాలి' అని వారం రోజులు చెప్పే పాఠాన్ని మన భాష క్రియ చివర ఎప్పుడో తగిలించుకుంది. మన పిల్లలు పేపరు భాష రాయడం మొదలుపెట్టాకే దాన్ని పోగొట్టుకుంటున్నారు.

పేపరు భాష అన్నాను గనక దాని దగ్గర కాస్త ఆగాలి. ఈ వాక్యం చూడండి. ఏ పత్రికలోదీ కాదు, కానీ అన్ని పత్రికల్లోనూ చదివినట్టే ఉంటుంది: 'పాత కక్షల నేపథ్యంలో ఇరువర్గాల మధ్య జరిగిన ఘర్షణలో ముగ్గురు గాయపడ్డారు.' వ్యాకరణం ప్రకారం నిక్షేపంలాంటి వాక్యం. ఘర్షణ అంటే రాపిడి. రెండు వస్తువులు ఒకదాన్నొకటి రాసుకుంటే రాపిడి. ఒకడు కర్రతో కొట్టి ఇంకొకడు చేతులు అడ్డం పెట్టుకుంటే అది రాపిడి ఎలా అవుతుంది? 'ఇరువర్గాలు' అనగానే త్రాసులో రెండు పళ్ళాలూ సమానమైపోయాయి. 'గాయపడ్డారు' అంటే కాలు జారి పడ్డట్టు వాళ్ళంతట వాళ్ళే గాయాల్లో పడ్డారు. ఇక నేపథ్యం. నాటకంలో తెర వెనక భాగాన్ని నేపథ్యం అంటారు. నేరానికి కారణం తెర వెనకే ఉండిపోయింది. వాక్యం మొత్తం వెతికినా కొట్టినవాడు కనబడడు.

తెలుగులో కర్తను చెప్పకుండా వాక్యం నడిపే వెసులుబాటు ఉంది. 'అన్నం తిన్నావా?' అంటే చాలు, 'నువ్వు' అక్కర్లేదు. ఇంట్లో మాటకు అది అందం, నేరవార్తకు అది దాక్కునే చోటు. 'ఇళ్ళు తగలబడ్డాయి', 'విగ్రహం ధ్వంసమైంది', 'ఉద్రిక్తత నెలకొంది', 'యువకుడు మృతి చెందాడు'. అన్నీ వాటంతటవే జరిగిపోతున్నాయి, వానలూ ఎండలూ వచ్చినట్టు. శిక్షణలో నేను చేయించే మొదటి పని ఇదే. పైన చెప్పిన వాక్యాన్ని ఇచ్చి, కొట్టినవాణ్ణి వాక్యంలోకి తీసుకురమ్మంటాను. చాలామంది ఉత్సాహంగా 'అగ్రకుల దురహంకారులు దాడికి తెగబడ్డారు' అని రాస్తారు. అదీ వార్త కాదు. అందులోనూ పేరు లేదు, గంట లేదు, చోటు లేదు; వెనకటి వాక్యంలో నేరం దాక్కుంటే ఇందులో విశేషణం వెనక విలేకరి దాక్కున్నాడు. కావాల్సింది ఇలాంటిది: 'బోరు దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న ముగ్గురు మాదిగ స్త్రీలను అదే ఊరి అయిదుగురు కమ్మ యువకులు కర్రలతో కొట్టారని మంగళవారం రాత్రి 9 గంటలకు పోలీసులకు ఫిర్యాదు అందింది.' కొట్టింది ఎవరు, కొట్టించుకున్నది ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఈ మాట ఎవరిది - అన్నీ ఉన్నాయి. ఎవర్నీ దోషిగా తేల్చలేదు. 'అని' అనే రెండక్షరాలు విలేకరిని కాపాడుతున్నాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. కులం పేరు రాయకూడదు కదా? ప్రెస్ కౌన్సిల్ మార్గదర్శకాలు కూడా మామూలుగా వ్యక్తుల కులం చెప్పకుండా ఉండాలనే అంటాయి, ముఖ్యంగా ఆ కులాన్ని కించపరిచేలా ఉన్నప్పుడు. దొంగతనం వార్తలో దొంగ కులం రాయడం తప్పు, అందులో సందేహం లేదు. కానీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నమోదైన కేసులో కులం అలంకారం కాదు, నేరంలో భాగం. బాధితులు షెడ్యూల్డు కులమో తెగో అయి ఉండాలి, నిందితులు ఆ రెండూ కాకుండా ఉండాలి. అప్పుడే ఆ చట్టం వర్తిస్తుంది. ఆ రెండు సంగతులూ తీసేసి 'ఒక వర్గం, మరో వర్గం' అని రాస్తే పాఠకుడికి ఏ నేరం జరిగిందో చెప్పనట్టే. డెస్కులో ఎవరైనా కొట్టేస్తే ఈ మాట చెప్పి వాదించాలి. వాదించడానికి చట్టం తెలిసి ఉండాలి.

ఎవరు మాట్లాడితే ఏ క్రియ వాడతామో కూడా గమనించాలి. పోలీసులు చెబితే 'తెలిపారు', 'వెల్లడించారు'. ఎమ్మెల్యే చెబితే 'స్పష్టం చేశారు'. వాడలో ఆడమనిషి చెబితే 'వాపోయింది', 'బోరుమంది', 'కన్నీరుమున్నీరైంది'. మగమనిషి చెబితే 'ఆరోపించాడు'. ఒకరి నోట్లోంచి సమాచారం వస్తుంది, ఇంకొకరి నోట్లోంచి ఏడుపు వస్తుంది. ఆమె చెప్పింది ఏడ్చి కాదు, వేళ్ళ మీద లెక్కపెట్టి ఏడుగురి పేర్లు చెప్పింది. అయినా వాపోయిందనే రాస్తాం. 'చెప్పింది' అనే మామూలు క్రియ ఉంది, అందరికీ సరిపోతుంది. మర్యాద కూడా అంతే. చనిపోయిన అరవై ఏళ్ళ పాలేరు 'అతడు', 'చనిపోయాడు'. కొట్టిన ముప్పై ఏళ్ళ ఆసామి 'ఆయన', 'అన్నారు'. ఒకే వార్తలో అందరికీ ఒకే మర్యాద ఇవ్వాలని శిక్షణలో అంటే, డెస్కువాళ్ళు మార్చేస్తారు సార్ అంటారు. మార్చనివ్వండి, పంపేటప్పుడు మాత్రం మీరు సరిగ్గా పంపండి అంటాను.

చట్టం దగ్గరికి వద్దాం. 1989 చట్టం, 1995 నిబంధనలు, 2015 సవరణ - ఈ మూడూ చదవని విలేకరికి పోలీసు స్టేషన్లో అడగడానికి ప్రశ్నలుండవు. చదివినవాడికి ప్రశ్నలే ప్రశ్నలు. కేసు ఏ సెక్షన్ల కింద పెట్టారు, అందులో ఈ చట్టం ఉందా లేక మామూలు కొట్లాట కేసేనా? దర్యాప్తు చేస్తున్నది ఎవరు? డీఎస్పీకి తగ్గని అధికారి చేయాలని 7వ నిబంధన చెప్తోంది. కలెక్టరు, ఎస్పీ ఊరికి వచ్చి చూశారా? 12వ నిబంధన ప్రకారం సాయం ఏడు రోజుల్లో అందాలి, అందిందా? విధి నిర్వహణలో అధికారి నిర్లక్ష్యం చేస్తే 4వ సెక్షన్ కింద అదే ఒక నేరం, ఎవరి మీదైనా పెట్టారా? ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదు చేసినవాళ్ళకు ఉచితంగా ఇవ్వాలి; ఎస్సై ఇవ్వనంటే ఫిర్యాదీ ఇంట్లో చూడొచ్చు. ఆస్పత్రిలో గాయాల సర్టిఫికెట్ అని ఒకటుంటుంది, గాయం సాదాదా తీవ్రమైందా అన్నది అందులోనే తేలుతుంది, సెక్షన్లు దాని మీదే మారతాయి.

కులం పేరుతో దూషించిన కేసుల్లో 'ఎక్కడ' అనే ప్రశ్నకు ప్రాణం ఉంది. దూషణ పదిమంది చూసే చోట జరిగితేనే ఆ సెక్షన్ వర్తిస్తుంది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనప్పుడు అన్న మాటకు అది వర్తించదని సుప్రీంకోర్టు 2020 నవంబరులో హితేష్ వర్మ కేసులో చెప్పింది. కాబట్టి విలేకరి రాసుకోవాల్సింది 'కులం పేరుతో దూషించాడు' అని కాదు. ఏ మాట అన్నాడు, అచ్చంగా ఆ మాటే. వాకిట్లో అన్నాడా, వసారాలో అన్నాడా, అప్పుడు చుట్టూ ఎవరెవరున్నారు. పేపర్లో ఆ మాట అచ్చు వెయ్యకపోవచ్చు. నోటుబుక్కులో ఉండాలి.

దాడి వార్తలకే ఈ పద్ధతి అనుకోవద్దు. 'మ్యాన్‌హోల్ శుభ్రం చేస్తుండగా ఊపిరాడక ఇద్దరు కార్మికులు మృతి' అని నాలుగు లైన్ల ఐటం తరచూ చూస్తుంటాం. 'ఎందుకు' అనేదానికి జవాబు 'ఊపిరాడక' అని రాసేసి విలేకరి తప్పుకుంటాడు. లోపలికి దింపింది ఎవరు? మున్సిపాలిటీనా, కాంట్రాక్టరా, అపార్ట్‌మెంటువాళ్ళా? రక్షణ సామాను లేకుండా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. పోలీసులు ఆ చట్టం కింద కేసు పెట్టారా, ప్రమాదవశాత్తూ మరణం అని రాసుకున్నారా? ఇలాంటి మరణాలకు పది లక్షలివ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 20న ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేసింది. ఆ ఇంటికి ఎంత వచ్చింది? ఈ ప్రశ్నలు అడిగితే నాలుగు లైన్ల ఐటం నలభై లైన్ల వార్త అవుతుంది, దానికి తోడు ఒక కుటుంబానికి తమకు రావాల్సింది ఎంతో తెలుస్తుంది.

పేర్ల విషయంలో ఒకచోట మాత్రం గట్టిగా ఆగాలి. లైంగిక దాడికి గురైన స్త్రీ పేరు వెయ్యడం నేరం. ఇంతకుముందు శిక్షాస్మృతిలో 228-ఏ, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. మైనరైతే పోక్సో చట్టం కూడా ఉంది. పేరొక్కటే కాదు, చిన్న ఊళ్ళో తండ్రి పేరు, వీధి పేరు, చదివే హాస్టల్ పేరు వేస్తే ఆమె పేరు వేసినట్టే. సెల్‌ఫోన్ వీడియోలు తీసే మన పిల్లలు న్యాయం జరగాలన్న తపనతోనే ఆ తల్లి మొహం చూపించేస్తున్నారు. అగ్రకుల అమ్మాయి విషయంలో ఏ చానలూ చేయడానికి సాహసించని పని మన అమ్మాయి విషయంలో మనమే చేస్తున్నాం.

కెమెరా అంటే గుర్తొచ్చింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఉన్న దళిత స్త్రీలు, చాలామందికి చదువు రాదు, వీడియో తీయడం నేర్చుకున్నారు. 2008 నుంచి మాచనూరులో సంఘం రేడియో కూడా వాళ్ళే నడిపారు. కెమెరా కోణాలకు ఇంగ్లీషు పేర్లు వాళ్ళకు అక్కర్లేకపోయింది. పటేలుకీ పనిమనిషికీ మధ్య ఉండే ఎత్తుపల్లాలను బట్టి పేర్లు పెట్టుకున్నారు. మనిషి కళ్ళకు సమానంగా కెమెరా పెట్టి తీసేదానికి 'సంఘం షాట్' అన్నారు, సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు గనక. మీడియా పాఠ్యపుస్తకాల్లో ఇంతకంటే మంచి నిర్వచనం నాకు కనబడలేదు. ఉత్తరప్రదేశ్ బుందేల్‌ఖండ్‌లో 2002లో మొదలైన 'ఖబర్ లహరియా' కూడా ఇలాంటి స్త్రీలే విలేకరులుగా నడిపిన పత్రిక. చదువు ఎక్కువ లేకపోతే విలేకరి పని రాదన్న మాటకు ఈ రెండూ జవాబులు.

రాని చిక్కల్లా డబ్బు దగ్గర వస్తుంది. మండల కంట్రిబ్యూటర్‌కు జీతం ఉండదు, అచ్చయిన మేరకు లెక్కకట్టి ఇచ్చేది పెట్రోలుకు సరిపోదు. పైగా పండక్కి, నాయకుల పుట్టినరోజులకు యాడ్స్ తేవాలి. యాడ్ ఇచ్చేది ఎవరు? కాంట్రాక్టరు, రైసు మిల్లు ఆసామి, సర్పంచి. రేపు దాడి జరిగితే వార్తలోకి రావాల్సిన పేర్లూ అవే. నా దగ్గర శిక్షణకు వచ్చిన ఒక కుర్రాడు బోరు దగ్గర గొడవను చక్కగా రాసి పంపాడు, అది అచ్చు కాలేదు. ఆ వారం యాడ్ మాత్రం అచ్చయింది. 'మీరు చెప్పినవన్నీ చేశాను సార్, ఇప్పుడేం చెయ్యమంటారు?' అని అడిగాడు. నైపుణ్యం నేర్పితే సరిపోతుందని నేను అనడం లేదు. ఆ కుర్రాడికి నేను చెప్పిందల్లా, ఆ ఐటం కాపీ తేదీతో దాచిపెట్టు, ఎఫ్.ఐ.ఆర్. నంబరు పక్కన రాసిపెట్టు అని. పత్రిక వెయ్యకపోతే హక్కుల సంఘానికి ఇవ్వొచ్చు, కమిషన్‌కు పంపొచ్చు, మన పత్రికల్లో వెయ్యొచ్చు. ఒక్కడే పోకుండా ఇద్దరు పోవడం, ఎక్కడికి పోతున్నాడో ఇంట్లో చెప్పి పోవడం, ఫొటోలు వెంటనే ఇంకొకరికి పంపేయడం - ఇవి కూడా నేర్పాల్సిన పాఠాలే. జర్నలిజం బడుల సిలబస్‌లో వీటికి మార్కులుండవు.

మొదటి రోజు వార్తతో పని అయిపోదు. ఒక్కో కేసుకూ నోటుబుక్కులో ఒక పేజీ వదలాలి. పైన ఎఫ్.ఐ.ఆర్. తేదీ. కింద గడులు: ఏడో రోజు సాయం అందిందా, అరవై రోజుల్లో ఛార్జిషీటు వేశారా, ప్రత్యేక కోర్టులో మొదటి వాయిదా ఎప్పుడు, సాక్షులెవరైనా ఊరు విడిచి వెళ్ళారా, రాజీకి ఎవరు వస్తున్నారు. ఒక్కో గడి నిండినప్పుడల్లా ఒక చిన్న వార్త. నిండకపోతే, ఎందుకు నిండలేదన్నది ఇంకో వార్త. చుండూరు నుంచి హైకోర్టు తీర్పు దాకా 23 ఏళ్ళు పట్టింది. అన్నేళ్ళు ఏ పత్రికా ఒకే విలేకరిని ఒకే కేసు మీద ఉంచదు. వాడలో పిల్లవాడు మాత్రం అక్కడే ఉంటాడు. శిక్షణ తరగతి చివరి గంటలో నేను కొత్త పాఠం చెప్పను. ఆ వారం జిల్లా పేజీలు పంచి, ఎర్ర పెన్సిలుతో ప్రతి వార్తలో కర్త చుట్టూ సున్నా చుట్టమంటాను. కర్త కనబడని చోట ఆ ఊరి పేరు, తేదీ నోటుబుక్కులో రాసుకుని, వచ్చే ఆదివారం ఆ ఊరికి పోయి రమ్మంటాను.